మాహ్‌రుఖ్ ఖానుమ్, మా శాతిర్

అమ్మలారా, అయ్యలారా, ఈ వీధివాళ్లకూ, పై వీధుల నుంచి మంచు తొక్కుకుంటూ వచ్చినవాళ్లకూ సలాం. కుర్చీలు చాలలేదు. కొందరు పిండి బస్తాల మీద సర్దుకున్నారు. బట్టలకు పిండి అంటుకుంటుంది, ఏమీ అనుకోకండి. ఆవిడ పద్దెనిమిదేళ్లు అలాంటి బట్టలతోనే ఇంటికి వెళ్లింది.

మాహ్‌రుఖ్ ఖానుమ్ పోయి ఇవాళ్టికి ఏడు రోజులు. శుక్రవారం పొద్దున్న ఆఖరి రొట్టె తీసి, చేతులు కడుక్కుని, ఇంటికి వెళ్లి కాస్త నడుం వాల్చింది. గుండె ఆగిపోయింది. యాభై ఏళ్లు నిండి నెల కూడా కాలేదు. ఏడు రోజులుగా ఈ బట్టీ చల్లగా ఉంది. మా నాన్న పోయినప్పుడు దీన్ని మూడో రోజునే వెలిగించాను. ఈసారి వెలిగించబుద్ధి కాలేదు.

మసీదులో సభ పెట్టలేదేమని కొందరు అడిగారు. మసీదు పెద్దాయన కాదనలేదు, ఆయన మీద నింద వద్దు. "మగవాళ్ల వైపు పెట్టించమంటావా, ఆడవాళ్ల వైపా, ఉస్తా?" అని మర్యాదగానే అడిగాడు. ఆ ప్రశ్నకు ఆవిడ బతికుండగా ఎన్నిసార్లు జవాబు చెప్పిందో నాకు తెలుసు. పోయాక కూడా చెప్పించడం నాకు నచ్చలేదు. అందుకే ఇక్కడ, ఆవిడ పని చేసిన చోటే పెట్టాను. పెట్టాక మీరేం చేశారో చూసుకున్నారా? ఎవరూ చెప్పకుండానే కుడివైపు మగవాళ్లు, ఎడమవైపు ఆడవాళ్లు, మధ్యలో దారి వదిలి, రొట్టె కోసం కిటికీ ముందు నిలబడ్డట్టే కూర్చున్నారు. నవ్వకండి. నేనివాళ మాట్లాడబోయేది ఈ రెండు వరసల సంగతే.

నా పేరు యదుల్లా, ఈ వీధికి ఉస్తాని. ఈ బట్టీ నాది. ప్రసంగాలు చేసే అలవాటు లేదు, అరిచే అలవాటు ఉంది. ఎక్కడైనా గొంతు పెరిగితే అది కోపం కాదని అనుకోండి. కోపమే అయినా అనుకోకండి.

బయటి వీధులవాళ్ల కోసం ఒక మాట. సంగక్ రొట్టె చేసేవాళ్లలో పిండి కలిపేవాడు వేరు, కాలిన రొట్టె తీసేవాడు వేరు. బట్టీ ముందు నిలబడి, పచ్చి పిండిని పొడుగు పార మీద పరిచి, వేళ్లతో నొక్కి, లోపల కాలే గులకరాళ్ల మీదికి ఒక్క విసురుతో జార్చే మనిషి శాతిర్. రొట్టె బాగుంటే శాతిర్ పేరు, పాడైతే యజమాని పేరు. మాహ్‌రుఖ్ మా శాతిర్.

ఆవిడ ఎడమ చేతి చిటికెన వేలు వంకర. చిన్నప్పుడు ఆటలో తలుపు సందున పడి విరిగిందట. అందుకని ఆవిడ నొక్కిన రొట్టె మీద నాలుగు గుంటలు తిన్నగా, అయిదోది పక్కకి ఒరిగి ఉండేవి. హమదాన్ ఊరంతా తిరిగినా అలాంటి గుర్తు ఇంకో రొట్టె మీద కనబడదు. ఆ గుర్తు చూసి కొనుక్కునేవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. దించండి, చాలు. లెక్కపెట్టడం నా వల్ల కాదు.

ఆవిడ నా దగ్గరికి వచ్చినప్పుడు ఇరవై ఏడేళ్లు. అప్పుడు పేరు వేరు, బట్టలు వేరు. ఆ పేరు నేను చెప్పను. తెలిసినవాళ్లకు తెలుసు, తెలియనివాళ్లకు అవసరం లేదు. అప్పుడూ ఆవిడ ఆవిడే, నాకే తెలియలేదు. నాలుగేళ్లు చేసింది. ఒకరోజు పని అయ్యాక ఏప్రన్ మడిచి బల్ల మీద పెట్టి, "ఉస్తా, నేను టెహరాన్ వెళ్తున్నాను. కోర్టు పని ఉంది, డాక్టర్ల పని ఉంది. తిరిగొచ్చేసరికి నా పేరు మాహ్‌రుఖ్. నా చోటు ఉంచుతావా?" అంది.

నేనేమన్నానో తెలుసా? దాచుకోవాలనే ఉంది. కానీ ఆవిడ ముందు ఎప్పుడూ ఒప్పుకోలేదు, కనీసం మీ ముందు ఒప్పుకుంటాను. "అక్కడే ఉండిపో" అన్నాను. ఆవిడ తల ఊపి, మడిచిన ఏప్రన్ సర్ది పెట్టి వెళ్లిపోయింది. తలుపు కూడా నెమ్మదిగానే వేసింది.

పద్నాలుగు నెలలు గడిచాయి. ఆ శీతాకాలం మంచు మోకాలి దాకా పడింది. ఒక పొద్దున్న కిటికీలోంచి చూస్తే ఆడవాళ్ల వరసలో నిలబడి ఉంది. నల్ల కోటు, బూడిదరంగు రుమాలు. మొహం ఎవరైనా పోల్చుకుంటారు. ముందున్న ఆడవాళ్లు రెండడుగులు ముందుకు జరిగారు, వెనకవాళ్లు రెండడుగులు వెనక్కి తగ్గారు. వరస మధ్యలో ఆవిడ ఒక్కతే. మగవాళ్ల వరసలో నవ్వులు. "దారి తప్పావోయ్, మన వరస ఇటుంది" అని ఎవడో అన్నాడు. ఎవడో నాకు తెలుసు, ఇక్కడే కూర్చున్నాడు, బాగా ఏడ్చాడు కూడా, పోనీ.

ఆవిడ వెనక ఎవరున్నారు? ఎఫ్ఫత్ ఖానుమ్. మీ అందరికీ చదువు చెప్పిన మనిషి, మీలో సగం మంది చెవులు మెలిపెట్టిన మనిషి. అప్పటికి అరవై దాటాయి. మాహ్‌రుఖ్‌తో ఆవిడకు చుట్టరికం లేదు, స్నేహం లేదు, జాలి అసలే లేదు. చలి ఉంది. ఆ రెండడుగులూ ముందుకి వేసి, వేలితో మాహ్‌రుఖ్ భుజం మీద పొడిచి, "ముందుకి జరగవమ్మా, చలి వేస్తోంది. నీ వెనక పది మందిమి ఉన్నాం" అని కసిరింది.

అంతే. ఎఫ్ఫత్ ఖానుమ్, మీరు అటు తిరిగి కూర్చున్నా నేను చెబుతాను. మాహ్‌రుఖ్ ఆ మాటను నాకు వందసార్లు చెప్పి ఉంటుంది. "టెహరాన్‌లో జడ్జి నాకు కాగితం ఇచ్చాడు ఉస్తా, కానీ ఆడదాన్ని చేసింది ఎఫ్ఫత్ ఖానుమ్ తిట్టు" అనేది. దయ చూపించేవాళ్లు ఆవిడకు కొందరు దొరికారు. మామూలుగా కసిరినవాళ్లే దొరకలేదు.

కిటికీ దాకా వచ్చింది. నేను మొహం చూడకుండా రొట్టె అందించాను. తీసుకుని, తిరగేసి, మధ్యలో తుంచి చూసి, "ఉస్తా, ఇది లోపల పచ్చిగా ఉంది" అంది. రెండు వరసలూ వింటున్నాయి. పచ్చిగానే ఉంది మరి. ఆవిడ చోటులో నేను పెట్టుకున్నవాడికి పిండికీ జిగురుకీ తేడా తెలియదు. మర్నాడు మళ్లీ వచ్చి "అంచులు మాడాయి" అంది. ఆ మర్నాడు "ఉప్పు మరిచారు" అంది. మూడు వారాలు. నాలుగో వారంలో నేనే లోపలికి పిలిచి ఏప్రన్ చేతికిచ్చాను. యదుల్లా మంచివాడు కాబట్టి తీసుకున్నాడని ఎవరైనా అంటే నమ్మకండి. రొట్టె పాడైపోతోంది కాబట్టి తీసుకున్నాను. మంచితనం నాకు చాలా ఆలస్యంగా వచ్చింది, అది కూడా ఆవిడే నేర్పింది.

ఇక రజబ్. పిండి కలిపే రజబ్, అదిగో, బస్తాల పక్కన. "ఆ మనిషి వస్తే నేను పోతాను" అన్నాడు. పోలేదు, ఎందుకంటే ఇంకెక్కడా పని దొరకలేదు. కానీ ఏడాదిన్నర పాటు ఆవిడ వైపు తిరగలేదు. పిండి తొట్టె తెచ్చి బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేసేవాడు, ఆవిడ తీసుకునేది. చేతి నుంచి చేతికి ఏదీ వెళ్లలేదు. ఒకే గదిలో, ఒకే మంట ముందు, ఏడాదిన్నర. రజబ్, తల దించుకోకు. నీ తర్వాతి సంగతి చెప్పబోతున్నాను, తల ఎత్తి విను.

రజబ్ భార్యకు కడుపులో ఆపరేషన్ అయింది. ఆడవాళ్ల వార్డు. తోడు ఉండేది ఆడమనిషే కావాలి, మగవాళ్లను తలుపు దాటనివ్వరు. రజబ్‌కి నలుగురూ కొడుకులే. అక్కచెల్లెళ్లు ఏ ఊళ్లోనో ఉన్నారు. పిండి కలుపుతూ కలుపుతూ ఏడ్చాడు ఆ రోజు, పిండిలో ఉప్పు ఎక్కువైంది. మాహ్‌రుఖ్ పార కడిగి గోడకు ఆనించి, రుమాలు కట్టుకుని, "పద" అంది.

వార్డు బల్ల దగ్గర నర్సు గుర్తింపు పుస్తకం తీసి చూసింది, మాహ్‌రుఖ్ మొహం చూసింది, మళ్లీ పుస్తకం చూసింది. రజబ్ వైపు తిరిగి, "ఈవిడ మీకేమవుతారు?" అని అడిగింది. రజబ్ ఏం చెప్పాడో తెలుసా? ఏడాదిన్నర వీపు చూపించిన రజబ్, తొట్టె పెట్టి వెనక్కి నడిచిన రజబ్ ఏమన్నాడు? "నా చెల్లెలు" అన్నాడు. నర్సు రాసుకుంది. తొమ్మిది రోజులు ఆ మంచం పక్కన కూర్చుంది ఆవిడ. తల దువ్వింది, పక్క మార్చింది, పులుసు తాగించింది. పదో రోజున బట్టీకి వచ్చినప్పుడు రజబ్ పిండి తొట్టెను ఆవిడ చేతికి అందించాడు. నేను చూశాను. చూడనట్టు నటించి కట్టెల గది వైపు పోయాను.

మరి నేను? యజమానిని, పెద్దవాణ్ని, నేనేం చేశాను? ఇప్పుడు నా వంతు.

నేను చాలా తెలివైన పని చేశాను. ఆవిడను శాతిర్ అని పిలిచాను. మన ఫార్సీలో ఆయనకూ ఆవిడకూ ఒకటే మాట, దేవుడు పిరికివాళ్లకు ఇచ్చిన వరం అది. తప్పించుకోలేనిది ఒక్కచోటే: మగవాడికి అన్నట్టు ఆగా అనాలా, ఆడమనిషికి అన్నట్టు ఖానుమ్ అనాలా. శాతిర్ అంటే ఆ గొడవ లేదు. శాతిర్ వచ్చాడో వచ్చిందో మన మాటలో తెలియదు. శాతిర్, చాయ్ తాగు. శాతిర్, మంట పెంచు. పదకొండేళ్లు. ఎంత గౌరవంగా పిలుస్తున్నానో అని నా భుజం నేనే తట్టుకున్నాను. ఒకరోజు చాయ్ తాగుతూ ఆవిడ అంది: "ఉస్తా, శాతిర్ అంటే నాకు గర్వమే. అది నా చేతులు సంపాదించుకున్న పేరు. కానీ నువ్వు నన్ను పిలవడానికి అనడం లేదు, ఇంకో మాట అనకుండా ఉండటానికి అంటున్నావు. పేరు వెనక దాక్కున్నావు. బయటికి రా, అక్కడ ఇరుకుగా ఉంటుంది."

నాకు కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఆ తర్వాత అభ్యాసం మొదలుపెట్టాను. అవును, అభ్యాసమే. పొద్దున్నే ఎవరూ రాకముందు బట్టీ ముందు నిలబడి, "మాహ్‌రుఖ్ ఖానుమ్, మాహ్‌రుఖ్ ఖానుమ్" అని ఆ మంటకు చెప్పేవాణ్ని. మంట ముందు వచ్చేది, మనిషి ముందు నోరు పెగిలేది కాదు. రెండు వారాలు పట్టింది నాకు. అరవై ఏళ్లవాడికి రెండు మాటలు పలకడానికి రెండు వారాలు.

ఒకరోజు కిటికీ దగ్గర పరాయి ఊరి మనిషి రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని, "లోపల ఎవరు చేస్తున్నారు దీన్ని?" అని అడిగాడు. "మాహ్‌రుఖ్ ఖానుమ్, మా శాతిర్" అన్నాను. గట్టిగానే అన్నాను, రెండు వరసలకూ వినబడేలా. తిరిగి చూస్తే ఆవిడ పార పట్టుకుని అలాగే నిలబడి ఉంది, బట్టీలోంచి పొగ వస్తోంది. ఆ రొట్టె మాడి బొగ్గయింది. ఆవిడ చేతిలో మాడిన రొట్టె నాకు తెలిసి అదొక్కటే. పారేయనివ్వలేదు. గుడ్డలో చుట్టి ఇంటికి పట్టుకుపోయింది.

ఇవన్నీ బయటివాళ్ల సంగతులు. ఇంటివాళ్ల సంగతి?

తల్లి తూబా ఖానుమ్, దేవుడు ఆవిడను చల్లగా చూడాలి, రెండేళ్ల కింద పోయింది. బతికినన్నాళ్లూ ప్రతి శుక్రవారం ఎడమ వరసలో నిలబడేది. కిటికీలోంచి కూతురు రొట్టె అందిస్తే కళ్లెత్తేది కాదు. కానీ తీసుకుంటూ, "నీ చేతులు నొప్పెట్టకూడదు" అనేది. మనం అందరం అందరికీ అనే మాటే, చాయ్ ఇచ్చినవాడికీ అంటాం. అయినా మాహ్‌రుఖ్ లోపలికి వచ్చి, "అమ్మ ఇవాళ కూడా నా చేతుల గురించి అడిగింది ఉస్తా" అనేది. ఆ శుక్రవారాల్లో నువ్వులు ఎక్కువ పడేవి, ఆ రొట్టెలు అందరికీ బాగుండేవి.

తమ్ముడు ఫరామర్జ్. ఆఖరి కుర్చీలో కూర్చున్నావు, ఎక్కడ కూర్చున్నావో నాకు కనబడుతోంది. రెండు వీధుల అవతల నీ ఇల్లు. పద్దెనిమిదేళ్లు ఈ కిటికీ దగ్గరికి నువ్వు రాలేదు. కానీ నీ ఇంటి నుంచి ఎవరో ఒకరు రోజూ వచ్చారు. ఇంకో రెండు బట్టీలు నీకు దగ్గర. అయినా ఇక్కడి నుంచే తెప్పించుకున్నావు. ప్రతి పొద్దున్నా నీ ఇంట్లో భోజనాల గుడ్డ మీద ఆ పక్కకి ఒరిగిన అయిదో గుర్తు కనబడే ఉంటుంది. ఆ వేలు ఏ తలుపులో పడిందో, ఆటలో ఆ తలుపు వేసింది ఎవరో ఆవిడ నాకు చెప్పింది. కోపంతో చెప్పలేదు. "వాడు నా కన్నా ఎక్కువ ఏడ్చాడు" అని నవ్వుతూ చెప్పింది.

అక్క పోయిన రోజున గోడపత్రిక వేయించింది నువ్వే. ఇంటి మనిషివి, నీ హక్కు. దాన్ని నా షట్టరు మీద అతికించారు. అందులో ఏముంది? ఆవిడ వదిలేసిన పేరు వేయలేదు, అందుకు నీకు దండం. మాహ్‌రుఖ్ అని కూడా వేయలేదు. 'మర్హూమ్ శాతిర్ దిల్‌ఖానీ' అని, అంటే దివంగత శాతిర్ అని, వేయించావు. ఇంటిపేరు ఉంది, పని పేరు ఉంది, మనిషి పేరు లేదు. మగవాడైతే ఫోటో వేస్తారు, ఆడమనిషైతే చాలామంది పువ్వు బొమ్మ వేస్తారు. నీ పత్రికలో రెండూ లేవు, ఖాళీగా ఒక గడి ఉంది. అందరూ కోప్పడ్డారు. నేను కోప్పడలేదు ఫరామర్జ్. నువ్వు దాక్కున్న చోటు నాకు బాగా తెలుసు. పదకొండేళ్లు అందులో కాపురమున్నాను. చాలా ఇరుకు.

మర్నాడు పొద్దున్న ఏమైంది? షట్టరు దగ్గరికి వస్తే ఎఫ్ఫత్ ఖానుమ్ పత్రిక ముందు నిలబడి ఉంది. ఎనభై ఏళ్లు దాటాయి. పర్సులోంచి ఎర్ర సిరా పెన్ను తీసి, ఒకప్పుడు మీ కాపీలు దిద్దిన పెన్ను, 'మర్హూమ్' చివర ఒక్క అక్షరం చేర్చింది. ఒక్క గుండ్రటి అక్షరం. మర్హూమె. పోయింది మగవాడు కాదు, ఆడమనిషి అని చెప్పే అక్షరం. "వ్రాతలో తప్పు ఉంది, దిద్దాను" అని వెళ్లిపోయింది. సాయంత్రానికి ఈ పేటలో గోడ గోడ మీదా ఆ అక్షరం వచ్చింది. నీలి సిరా, నల్ల సిరా, ఒకచోట కాటుక, మసీదు గోడ మీద బొగ్గు. కొన్ని చోట్ల కుడి వరసలో నిలబడేవాళ్ల చేతివ్రాత. నాకు ఈ వీధిలో పుట్టినందుకు గర్వం కలిగిన రోజు అది. పెద్దగా చదువుకోనివాణ్ని, ఒక్క అక్షరం చూసి గోడ పట్టుకుని ఏడ్చాను.

ఇంక ఒక్క పని మిగిలింది. నలభయ్యో రోజుకి సమాధి రాయి నిలబెట్టాలి. చెక్కేవాడు ఇవాళే మాటలు ఇవ్వమన్నాడు. గోడమీది అక్షరాన్ని వాన కడిగేస్తుంది, రాయి మీద చెక్కినది మన మనవలు కూడా చదువుతారు. ఆవిడ గుర్తింపు పుస్తకం చూసి నేను కాగితం మీద రాశాను: 'మర్హూమె మాహ్‌రుఖ్ దిల్‌ఖానీ, శాతిర్'. కింద ఒక గీత వదిలాను. ఇంటివాళ్లు ఎవరైనా తమకు ఆవిడ ఏమవుతుందో రాసి సంతకం పెడితే తప్ప చెక్కడు. రజబ్ పెడతానన్నాడు, చెక్కేవాడు కుదరదన్నాడు. మా రక్తం సరిపోదట. ఆ కాగితం ఇదిగో, ఈ పిండి బల్ల మీద, ఆవిడ పార పక్కన పెడుతున్నాను. ఫరామర్జ్, నిన్ను ఎవరూ బలవంతపెట్టరు. పెట్టకపోయినా నీ ఇంటికి రొట్టె వస్తుంది. నాకు రెండు మాటలకే రెండు వారాలు పట్టింది, నీకు టైము పడితే నేను మాట్లాడకూడదు. కానీ రాయికి టైము లేదు.

అమ్మలారా, అయ్యలారా, ఇక నేను ఆపుతాను. మన శాతిర్ కోసం, మన మాహ్‌రుఖ్ ఖానుమ్ కోసం, ఇప్పుడు అందరం ఒక్కసారి...

ఫరామర్జ్, నేనింకా లేవమనలేదు.

లేదు, కూర్చోకు. మధ్యలో కుర్చీలు జరపండి అయ్యా. ఆ బస్తా పక్కకి లాగు రజబ్, దారి ఇవ్వండి. ఎందుకు ఆగావు నాయనా? ముందుకి జరుగు, చలి వేస్తోంది. నీ వెనక ఇంతమందిమి ఉన్నాం.

అందరూ లేవండి. కుడివైపువాళ్లు, ఎడమవైపువాళ్లు, అందరూ. మౌనం ఎంతసేపని నన్ను అడగకండి. ఆవిడ తమ్ముడు ఆ గీత మీద రాయాల్సింది రాసి, పెన్ను కింద పెట్టేదాకా మాట్లాడకుండా నిలబడదాం.